కుక్కకు, పిల్లికి మత్తు ఇచ్చి ఆపరేషన్: ముందురోజు రాత్రి నుంచి కుట్లు విప్పేదాకా మీరు చేయాల్సిన పనులు

"డాక్టర్ గారూ, రేపు పొద్దున ఆపరేషన్. ఈ రాత్రి పెరుగన్నం పెట్టొచ్చా?" "ఇంటికి తెచ్చి రెండు గంటలైంది, ఇంకా తూలుతోంది. పాలు పట్టమంటారా?" "మత్తు పడకపోతే ప్రాణం పోతుందట కదా?" ఏళ్లుగా ఇవే ప్రశ్నలు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేబదులు అన్నీ ఒకచోట వరసగా రాస్తున్నాను.

చాలామంది టెన్షన్ అంతా సూది వేసే నిమిషం మీదే ఉంటుంది. లెక్కలు మరోలా ఉన్నాయి. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 దాకా దాదాపు 98 వేల కుక్కలకు, 79 వేల పిల్లులకు ఇచ్చిన మత్తును గమనించి 2008లో ఫలితాలు ప్రచురించారు. మత్తుతో ముడిపడిన మరణాలు కుక్కల్లో సుమారు 600కి ఒకటి, పిల్లుల్లో 400కి కాస్త పైన ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాటిలో ఇంకా తక్కువ. అసలు గమనించాల్సింది వేరే ఉంది. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో సగానికి పైగా పోయింది ఆపరేషన్ బల్ల మీద కాదు, అది దిగాక. అందులోనూ ఎక్కువ భాగం మొదటి 3 గంటల్లోనే. మన దగ్గర చాలా జంతువులు ఆ 3 గంటల్లో ఆటోలోనో, ఇంటి వరండాలోనో ఉంటాయి. అంటే పక్కన ఉండేది మీరే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ గంటలకే ఇచ్చాను.

మందుల మోతాదులు ఇందులో ఉండవు. అవి మీ డాక్టర్ పని. ఇక్కడ రాసినదానికీ మీ డాక్టర్ చెప్పినదానికీ తేడా వస్తే డాక్టర్ మాటే వినండి, ఎందుకో మాత్రం అడగండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్ (జంతువుకు విడిగా ఒకటి, మీద పేరు రాసి పెట్టండి), కాస్త వాజలైన్
- రెండు పాత దుప్పట్లు, రెండు తువ్వాళ్లు
- గోరువెచ్చని నీళ్లు పట్టడానికి రెండు ప్లాస్టిక్ సీసాలు
- మెడకు కట్టే కోన్, లేదా బిగువుగా పట్టే పాత టీషర్ట్
- పిల్లికైతే మూత ఉన్న గట్టి బుట్ట లేదా క్యారియర్, కుక్కకైతే గొలుసు, మూతికి మజిల్
- టార్చ్, గడియారం, ఒక కాగితం, పెన్ను
- డాక్టర్ నంబర్, రాత్రిపూట తెరిచి ఉండే ఇంకో ఆసుపత్రి నంబర్. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల సంచార వైద్యానికి 1962 నంబర్ ఉంది, అదీ రాసి పెట్టుకోండి. రాత్రి పదింటికి అవసరమైతే అది మీ ఊళ్లో ఎంతవరకు అందుతుందో ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది.

1. వారం ముందు: బరువు తూచండి, చరిత్ర రాయండి

మత్తుమందు కిలోకి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. "పదిహేను కిలోలు ఉంటుందండీ" అని కంటి అంచనాతో చెప్పొద్దు. 4 కిలోల పిల్లిని 5 కిలోలని చెబితే పాతిక శాతం మందు ఎక్కువ పడుతుంది. క్లినిక్‌లో కాటా ఉంటే అక్కడే తూచమనండి. లేకపోతే ఇంట్లో మీరు ఒక్కరే కాటా మీద నిలబడండి, తర్వాత కుక్కను ఎత్తుకుని నిలబడండి. మీరు 62, ఇద్దరూ కలిసి 81.5 అయితే కుక్క 19.5. చిన్న పిల్లిని బుట్టలో పెట్టి వంటింటి కాటా మీద తూచి, బుట్ట బరువు తీసేయండి.

తర్వాత ఒక కాగితం మీద ఇవి రాయండి: వయసు, టీకాలు, ఇప్పుడు వాడుతున్న మందులు (ఆయుర్వేదం, పిడుదుల మందు, దగ్గు సిరప్ కూడా), ఇంతకుముందు మత్తు ఇచ్చారా, అప్పుడు ఎలా తేరుకుంది, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, పరిగెత్తితే దగ్గుతుందా, కళ్లు తిరిగి పడిపోయిందా. ఆడకుక్క అయితే చివరిసారి ఎప్పుడు ఎదకు వచ్చిందో తప్పకుండా రాయండి. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తం ఎక్కువ పారుతుంది, ఆపరేషన్లో రక్తస్రావమూ ఎక్కువ. అందుకే డాక్టర్లు కొన్ని వారాలు ఆగమంటారు.

జాతి కూడా చెప్పాలి, ఎదురుగా కనిపిస్తూనే ఉన్నా సరే. పగ్, షీజు, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జంతువులకు గొంతు లోపల మెత్తని భాగం ఎక్కువ, శ్వాసదారి ఇరుకు. వీటికి ప్రమాదం తేరుకునేటప్పుడే. ముధోల్ లాంటి సన్నని వేటకుక్కలకు ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని రకాల మత్తు నుంచి ఆలస్యంగా లేస్తాయి. కోలీ రకాల్లో కొన్నిటికి పుట్టుకతో ఉండే ఒక జన్యు లోపం వల్ల మామూలు మోతాదే ఎక్కువైపోతుంది.

2. రక్త పరీక్ష ఖర్చు దండగ అనుకోకండి

మన ప్రాంతంలో పిడుదుల బెడద ఎక్కువ. పైకి హుషారుగా కనిపించే కుక్క ఒంట్లో కూడా ఎర్లీషియా, బబేసియా లాంటి పిడుదుల వల్ల వచ్చే రక్తపు జబ్బులు దాక్కుని ఉండొచ్చు. ఎర్లీషియాలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ సంగతి కత్తి పెట్టాక తెలిస్తే అందరికీ కష్టమే. కాబట్టి కనీసం ఈ మూడూ చేయించండి: ప్లేట్‌లెట్లతో సహా రక్తకణాల లెక్క, కిడ్నీకి క్రియాటినిన్, లివర్‌కు ఏఎల్‌టీ. ఏడేళ్లు దాటినవాటికి, గుండె చప్పుడులో తేడా వినిపించినవాటికి ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ కూడా అడుగుతారు. రిపోర్టులో తేడా వస్తే ఆపరేషన్ వాయిదా వేయడానికి సిగ్గుపడక్కర్లేదు. గర్భసంచి తీసే ఆపరేషన్ నెల తర్వాతైనా చేసుకోవచ్చు. గర్భసంచిలో చీము, కడుపు మెలిపడటం లాంటివి మాత్రం వాయిదా వేసేవి కావు. అక్కడ రిస్క్ తెలిసే ముందుకు వెళ్తారు.

3. డాక్టర్‌ను అడగాల్సిన ఐదు ప్రశ్నలు

- మత్తులో ఉన్నంతసేపు దాని ఊపిరి, గుండె కనిపెట్టి చూసే మనిషి విడిగా ఉంటారా?
- ముందుగా నరంలోకి సూది గొట్టం (కాన్యులా) పెడతారా?
- అవసరమైతే గొంతులోకి గొట్టం వేసి ఆక్సిజన్ ఇచ్చే ఏర్పాటు ఉందా?
- నొప్పి మందు ఆపరేషన్‌కు ముందే ఇస్తారా?
- ఎంతసేపు అక్కడే ఉంచుకుని పంపుతారు?

"గ్యాస్ మెషిన్ ఉందా?" అని చాలామంది అడుగుతారు. ఉంటే మంచిదే. ఐసోఫ్లురేన్ గ్యాస్ అయితే మత్తు లోతు పెంచడం, తగ్గించడం డాక్టర్ చేతిలో ఉంటుంది, తేరుకోవడమూ తొందరగా ఉంటుంది. కానీ జైలజిన్, కెటమిన్ అనే మత్తు ఇంజెక్షన్లతోనే దేశమంతటా రోజూ వేల ఆపరేషన్లు బాగానే జరుగుతున్నాయి. నన్నడిగితే ఐదింటిలో మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. కోసే చేతులు, కనిపెట్టే కళ్లు ఒకే మనిషివి అయినప్పుడు ఎంత ఖరీదైన మెషినైనా సగమే పనిచేస్తుంది.

ఈ మాటలు అడిగితే డాక్టర్‌కు కోపం వస్తుందేమో అని మొహమాటపడొద్దు. చదివి సంతకం పెట్టమని ఒక అంగీకార పత్రం ఇస్తారు. చదవకుండా పెట్టేవాళ్లే ఎక్కువ. మీరు చదవండి, అర్థం కానిది అక్కడే అడగండి.

4. ముందురోజు రాత్రి: తిండి, నీళ్లు

మత్తులో మింగుడు ఆగిపోతుంది. కడుపులో ఉన్నది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జైలజిన్ లాంటి మందులు అసలే వాంతి తెప్పిస్తాయి. అందుకే పస్తు.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు, పిల్లికి పొద్దున ఆపరేషన్ అయితే రాత్రి తొమ్మిది, పది లోపు తేలికపాటి అన్నం పెట్టి ఆపేయండి. చికెన్ ఎముకలు, మటన్ బొక్కలు ఆ పూటకు వద్దు, అవి కడుపులో చాలాసేపు ఉంటాయి. ఇప్పటి పద్ధతుల ప్రకారం పెద్దవాటికి 4 నుంచి 6 గంటల పస్తు చాలు. రాత్రి తిండి ఆపితే అది ఎటూ పూర్తవుతుంది. మంచినీళ్లు ఆపక్కర్లేదు. క్లినిక్‌కు బయలుదేరేదాకా గిన్నె అక్కడే ఉంచండి. పాలు, మజ్జిగ, గంజి నీళ్ల కిందికి రావు, అవి తిండే. 12 గంటలు చుక్క నీళ్లు కూడా లేకుండా కట్టేసే పాత అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. మే నెల ఎండల్లో అది మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది.

తేడాలు ఇక్కడ చూడండి.

- 8 వారాల లోపు, లేదా 2 కిలోల లోపు పిల్లలకు ఎక్కువ పస్తు పెట్టొద్దు. 1 నుంచి 2 గంటలు చాలు. లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది.
- షుగర్ ఉన్న జంతువుకు తిండి, ఇన్సులిన్ రెండూ డాక్టర్ చెప్పిన టైముకే. మీరే లెక్క వేసుకోవద్దు.
- కుందేలుకు పస్తు వద్దే వద్దు. దానికి వాంతి రాదు. పేగు కదలిక ఆగితేనే దానికి ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి నోటి ముందు ఉండాల్సిందే.

ఎక్కువసార్లు జరిగే పొరపాటు ఏమిటంటే, మీకు తెలుసు, ఇంట్లో మిగతావాళ్లకు తెలియదు. పాపం ఆకలితో ఉందని నాయనమ్మ గిన్నెలో పాలు పోస్తుంది. పక్కింటి పిల్లాడు గోడ మీంచి బిస్కెట్ వేస్తాడు. పొద్దున వాకింగ్‌లో చెత్తకుండీ దగ్గర ఏదో నోట కరుచుకుంటుంది. ఇంటిల్లిపాదికీ చెప్పండి, తలుపుకు కాగితం అంటించండి. పిల్లిని సాయంత్రం నుంచే గదిలో పెట్టి తలుపు వేయండి, మట్టి ట్రే లోపలే పెట్టండి. రాత్రి బయట తిరిగిన పిల్లి ఎలుకనో బల్లినో తినకుండా వచ్చిందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఏమైనా తినేస్తే? దాచకండి. "చిన్న ముక్కేలే" అని ఊరుకోకండి. ఏం తింది, ఎన్ని గంటలకు తింది, ఎంత తింది చెప్పండి. టైము మారుస్తారు, అంతే. ఎవరూ తిట్టరు. తిట్టినా ఫర్వాలేదు.

బెదిరే పిల్లికి ముందే ప్రశాంతంగా ఉండే మాత్ర కావాలంటే డాక్టర్ గాబాపెంటిన్ లాంటిది రాసిస్తారు. ఇంట్లో ఉన్న మనుషుల నిద్రమాత్ర సగం విరిచి వేయడం మాత్రం చేయకండి. అది క్లినిక్‌లో ఇచ్చే మత్తుతో కలిసి ఎంత లోతుకు తీసుకెళ్తుందో ఎవరికీ అంచనా ఉండదు. మనుషుల సిరప్‌లు కూడా వద్దు. చక్కెర లేని సిరప్‌లు కొన్నిట్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కకు విషం.

5. ఆ రోజు పొద్దున

కాసేపు నడిపించి మూత్రం, దొడ్డి కానివ్వండి. స్నానం రెండు రోజుల ముందే చేయించి ఉండాలి, కుట్లు విప్పేదాకా మళ్లీ కుదరదు. పిల్లిని చేతుల్లో ఎత్తుకుని తీసుకెళ్లొద్దు. ఎంత సాధువైనా క్లినిక్ గుమ్మంలో కుక్క అరుపు వినగానే చేతుల్లోంచి జారిపోతుంది. రిపోర్టులు, మీరు రాసిన కాగితం, ఫోన్ నంబర్ ఇచ్చేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.

6. ఇంటికి పంపేటప్పుడు తొందరపడకండి

"అయిపోయింది, తీసుకెళ్లొచ్చు" అనగానే బయలుదేరకండి. వీలైతే ఇంకో గంట అక్కడే కూర్చోండి. బయలుదేరే ముందు మీరే ఇవి చూడండి:

- పేరు పిలిస్తే చెవి కదిలిస్తోందా, చూపు తిప్పుతోందా?
- తల తనంతట తాను ఎత్తి నిలుపుతోందా? ఛాతీ మీద కూర్చోగలుగుతోందా?
- చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా?
- ఒంటి వేడి ఎంత?

తల ఎత్తలేని జంతువును ఇంటికి తేవద్దు. చప్పిడి ముక్కు కుక్క అయితే లేచి నిలబడేదాకా అక్కడే ఉంచమని అడగండి.

ఒక కాగితం మీద ఇవి రాయించుకోండి: ఏ మత్తుమందులు ఇచ్చారు, నొప్పి మందు ఎన్నింటికి ఇచ్చారు, తర్వాతది ఎప్పుడు, యాంటీబయాటిక్ ఉందా, మత్తు విరుగుడు సూది ఇచ్చారా. ఈ చివరి ప్రశ్న ఎందుకంటే, విరుగుడు ఇచ్చిన జంతువు టక్కున లేచి కూర్చుని, కొంతసేపయ్యాక మళ్లీ మగతలోకి జారుకోవచ్చు. లేచింది కదా అని వదిలేసి మీరు వంటింట్లోకి వెళ్లిపోకూడదు.

7. దారిలో

బండి మీద ఇద్దరి మధ్య పెట్టుకుని తీసుకెళ్లొద్దు. ఆటోనో కారో కావాలి. నేల మీద దుప్పటి పరిచి పక్కకు పడుకోబెట్టండి. మెడ నిటారుగా, ముక్కు ముందుకు ఉండాలి. ఒకరు తల దగ్గర కూర్చుని ఛాతీ కదలిక చూస్తూ ఉండాలి. చంటిపిల్లలా భుజాన వేసుకుంటే గడ్డం ఛాతీకి ఆనుకుని మెడ మడతపడి ఊపిరి అడ్డుపడుతుంది. బుట్టలో పిల్లి మూలకు జారి మెడ ముడుచుకున్నా అంతే. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి.

8. మొదటి మూడు గంటలు

గది చీకటిగా, నిశ్శబ్దంగా ఉండాలి. టీవీ ఆపేయండి. నేల మీదే పక్క వేయండి. మంచం, సోఫా మీద పెడితే తూలి పడుతుంది. మెట్లు, సంపు, బావి ఉన్న వైపు వెళ్లే దారి మూసేయండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే విడిగా పెట్టండి. ఆసుపత్రి వాసన వచ్చే జంతువును అది గుర్తుపట్టక మీద పడొచ్చు. చిన్నపిల్లలను దూరంగా ఉంచండి, మీరూ ముఖం దగ్గర పెట్టి ముద్దు చేయకండి. సగం మత్తులో అది ఎవరినైనా కరుస్తుంది, పెంచిన చేతినైనా సరే.

ఇప్పుడు కాగితం, పెన్ను తీయండి. 15 నిమిషాలకోసారి ఈ నాలుగూ చూసి టైముతో రాయండి.

*ఊపిరి.* డొక్క ఎగసిపడటం 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. పడుకుని ఉన్నప్పుడు నిమిషానికి 10 నుంచి 30 మధ్య ఉంటే సరే. 8 కన్నా తగ్గినా, కదలకుండా పడుకునే 40 దాటుతున్నా ఫోన్ చేయండి. గురక మామూలే. నోరు తెరిచి, మెడ చాచి, పొట్టతో లాగి లాగి పీలుస్తుంటే మామూలు కాదు. పిల్లి నోటితో ఊపిరి పీలిస్తే ఎప్పుడూ మామూలు కాదు.

*చిగుళ్లు.* పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు 2 సెకన్ల లోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. నల్ల చిగుళ్ల కుక్కకైతే నాలుక గానీ, కింది కనురెప్ప లోపలి వైపు గానీ చూడండి. సున్నంలా తెల్లగా ఉంటే లోపల రక్తం పోతోందేమో అనుమానించాలి. నీలంగా, బూడిద రంగుగా ఉంటే ఆక్సిజన్ అందడం లేదు. రెంటికీ ఆగకుండా ఆసుపత్రికే.

*వేడి.* థర్మామీటర్ కొనకు వాజలైన్ రాసి మలద్వారంలో రెండు సెంటీమీటర్లు పెట్టండి. చెయ్యి వేసి ముక్కు చల్లగా ఉందా, చెవి వెచ్చగా ఉందా అని చూస్తే ఏమీ తెలియదు. కుక్కకు, పిల్లికి మామూలు వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 99 కన్నా తక్కువైతే వెచ్చబెట్టండి. 98 కన్నా తగ్గితే, లేదా 103.5 దాటితే ఫోన్. చల్లబడిన ఒంట్లో మందు కరగడం నెమ్మదిస్తుంది, అందుకే చలికి వణికే పిల్లి లేవడమూ ఆలస్యమవుతుంది.

*స్పందన.* పేరు పిలవండి, కాలి వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. ప్రతిసారీ కిందటిసారి కన్నా కొంచెమైనా మెరుగవాలి. మధ్యలో బాగుండి మళ్లీ పూర్తిగా మగతలోకి పోయి పిలిచినా పలకకపోతే ఫోన్.

వెచ్చబెట్టడం అంటే దుప్పటి కప్పడం, గోరువెచ్చని నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి వీపు పక్కన పెట్టడం. మీ మణికట్టు లోపలి వైపు ఒక నిమిషం ఆనించినా ఇబ్బంది లేనంత వేడే ఉండాలి. కరెంటు హీటింగ్ ప్యాడ్, గదిలో బొగ్గుల కుంపటి వద్దు. వేడి తగిలినా పక్కకు జరగలేని స్థితిలో అది ఉంది, చర్మం కాలినా మీకు మర్నాటిదాకా తెలియదు. ఎండాకాలమైతే వ్యవహారం తిరగబడుతుంది. దుప్పట్లు తీసేయండి, ఫ్యాన్ దూరంగా పెట్టండి, థర్మామీటర్ ఏం చెబితే అది చేయండి.

ఒకే పక్కకు పడి ఉంటే గంటకోసారి రెండో పక్కకు మార్చండి. కాళ్లు గాల్లోకి లేపి దొర్లించకండి, పొట్ట మీదుగా తిప్పండి. కెటమిన్ ఇచ్చిన పిల్లికి కళ్లు తెరుచుకునే ఉంటాయి, రెప్ప వాల్చదు, నల్లగుడ్డు పెద్దదై కనిపిస్తుంది, తల అటూఇటూ ఊపుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది కానీ అది మందు పని. వెలుతురు, చప్పుడు తగ్గిస్తే తగ్గుతుంది. కళ్లు ఆరిపోకుండా డాక్టర్ ఇచ్చిన కంటి ఆయింట్‌మెంట్ వేయండి. మర్నాడు ఒక కన్ను సగం మూసుకుని నీరు కారుతుంటే కంటి మీద పుండు పడిందేమో చూపించాలి.

ఊపిరి ఆగిందనిపిస్తే నోరు తెరిచి నాలుకను బయటికి లాగండి, మెడ నిటారు చేయండి, గట్టిగా పిలిచి కదపండి. ఒకరు డాక్టర్‌కు ఫోన్ చేస్తూ బండి తీయాలి. అసలు స్పందనే లేకపోతే పక్కకు పడుకోబెట్టి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. ప్రతి 30 నొక్కులకు మూతి మూసి పట్టుకుని ముక్కులోకి రెండుసార్లు ఊదండి. దారిలోనూ ఆపకండి.

9. నీళ్లు, తిండి మళ్లీ ఎప్పుడు?

మన ఇళ్లలో ప్రాణాపాయం తెచ్చే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. నీరసంగా ఉందని గ్లూకోజ్ నీళ్లు, పాలు సిరంజితో నోట్లో పోస్తారు. సగం మత్తులో మింగుడు సరిగా ఉండదు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండో రోజో మూడో రోజో జ్వరం, దగ్గు, ఆయాసంతో తీసుకొస్తారు. అప్పటికి అది నిమోనియా. కాబట్టి నోట్లో ఏదీ పోయకండి. ప్రేమగా అయినా, కొంచెమే అయినా.

క్రమం ఇలా ఉండాలి. తనంతట తాను లేచి, తూలకుండా నాలుగడుగులు వేసిన తర్వాత గిన్నెలో నాలుగైదు చెంచాల నీళ్లు పెట్టండి. తాగి అరగంట వాంతి లేకుండా ఉంటే ఇంకొంచెం. ఇంకో గంటాగి రోజూ పెట్టేదాంట్లో మూడో వంతు మెత్తని అన్నం, ఉడికించిన చికెన్‌తోనో పెరుగుతోనో. నెయ్యి, మసాలా వద్దు. వాంతి చేసుకుంటే 2 గంటలు ఆగి మళ్లీ నీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఆ రాత్రి తినకపోయినా పెద్ద కుక్కకు ఫర్వాలేదు. కుక్కపిల్లలకు, పిల్లికూనలకు, కుందేలుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. లేవగానే తినాలి, తినకపోతే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. పిల్లి 24 గంటలు దాటి ముట్టకపోతే చూపించండి.

10. మర్నాటి నుంచి కుట్లు విప్పేదాకా

ఇవి చూసి కంగారుపడొద్దు: ఆ రాత్రంతా మూలగడం, వణకడం, మర్నాడంతా నిద్ర, కంటి మూలలో తెల్లని మూడో రెప్ప కనిపించడం, గొట్టం వేసినందువల్ల ఒకటి రెండు రోజులు పొడి దగ్గు, రెండు మూడు రోజులు దొడ్డికి వెళ్లకపోవడం.

వీటికి మాత్రం ఫోన్ చేయాలి: 24 గంటలైనా మూత్రం లేకపోవడం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం, కుట్ల నుంచి చుక్కలు చుక్కలుగా రక్తం ఆగకుండా కారడం, మర్నాడు కూడా నిలబడలేకపోవడం, జ్వరంతో దగ్గు.

నొప్పికి డాక్టర్ రాసిన మందే, రాసినన్ని రోజులే. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ పిల్లికి ఒక్క మాత్ర కూడా చంపేంత విషం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాస్తే తిన్న తర్వాతే ఇవ్వండి. స్టిరాయిడ్ ఏదైనా వాడుతుంటే ముందే చెప్పండి, రెండూ కలిపి ఇవ్వకూడదు. నొప్పి ఉందో లేదో ఎలా తెలుస్తుందంటే, కుక్క వీపు వంచి నిలబడుతుంది, పడుకోలేక లేవలేక తిరుగుతుంది. పిల్లి మంచం కింద చేరి ముడుచుకుని, కళ్లు చికిలించి కూర్చుంటుంది. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు.

కోన్ తీసేయమని అది కళ్లతో బతిమాలుతుంది. తీయకండి. పది నిమిషాలు నాకితే కుట్లు ఊడతాయి. కోన్‌తో తినలేకపోతుంటే తినేంతసేపు తీసి, పక్కనే కూర్చుని, వెంటనే మళ్లీ కట్టండి. పసుపు, కొబ్బరినూనె, బూడిద లాంటివి కుట్ల మీద పెట్టొద్దు. రోజూ ఒకే టైముకి, ఒకే దూరం నుంచి ఫోన్‌తో ఫోటో తీయండి. నిన్నటి ఫోటో పక్కన పెట్టి చూస్తే వాపు పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది, డాక్టర్‌కు పంపడానికీ పనికొస్తుంది. గెంతులు, మెట్లు వద్దు. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో విప్పుతారు.

ఆవులు, గేదెల గురించి అడిగేవాళ్లకు

కొంతమంది పాడి రైతులు కూడా ఇదే అడుగుతుంటారు, అందుకని నాలుగు మాటలు. పశువుకు చాలా ఆపరేషన్లు నిలబెట్టే, ఆ భాగం వరకే మొద్దుబారే ఇంజెక్షన్‌తో చేస్తారు, సిజేరియన్ కూడా. పూర్తి మత్తు అడగకండి. పడుకోబెడితే నెమరు పొట్టలో గ్యాస్ చేరి ఊపిరికి అడ్డం పడుతుంది. జైలజిన్‌కు పశువు చాలా లొంగుతుంది, గుర్రానికి ఇచ్చేదాంట్లో పదో వంతు సరిపోతుంది. చూడి చివరి నెలల్లో ఉంటే డాక్టర్ అడగకముందే చెప్పండి, ఆ మందు గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. ముందే అనుకున్న ఆపరేషన్‌కు మేత 18 నుంచి 24 గంటలు, నీళ్లు 12 గంటల ముందు ఆపమంటారు. మత్తులో పడుకుంటే గోనెసంచుల్లో గడ్డి నింపి రెండు పక్కలా ఆన్చి ఛాతీ మీద కూర్చోబెట్టండి. మూతి కిందికి వాలి లాలాజలం బయటికి కారాలి. ఎడమ డొక్క ఉబ్బుతోందా అని చూస్తూ ఉండండి. పాలు ఎన్ని పూటలు పారబోయాలో అడిగి, ఆ పూటలు పాలకేంద్రానికి పోయకండి.

కుట్లు విప్పిన రోజు

డాక్టర్ ఇచ్చిన మందుల కాగితాన్ని, మీరు 15 నిమిషాలకోసారి రాసిన కాగితాన్ని ఫోటోలు తీసి, జంతువు పేరుతో ఫోన్లో దాచండి. ఏ మందు ఇచ్చారు, ఎన్ని గంటలకు లేచింది, వేడి ఎంతకు పడింది, ఎప్పుడు తింది అన్నీ అందులో ఉంటాయి. రెండేళ్ల తర్వాత పళ్లు తీయాల్సి వచ్చినా, కాలు విరిగినా, వేరే ఊళ్లో వేరే డాక్టర్ మొదట అడిగేది అదే.